రాళ్ళమిట్ట దాటితే సిగ్నల్

"చచ్చినోడు రిపోర్టు పంపడు మేడం," అన్నాడు సీఐ చెన్నకేశవరావు, టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి. "సోమవారం సాయంత్రం నాలుగూ యాభై అయిదుకి బెంజిమిన్ లాప్‌టాప్ నుంచి పంటల బీమా కంపెనీకి రిపోర్టు వెళ్ళింది. కారంపూడి టవర్ నుంచే వెళ్ళింది. అంటే అప్పటికి మనిషి బతికున్నాడు, ఊళ్ళోనే ఉన్నాడు. చీకటి పడేసరికి అదే లాప్‌టాప్ అయాజ్ కొట్లో తేలింది. తెల్లారి శవం కాలవలో తేలింది. కొట్టు వెనకే కాలవ. ఇంకేం కావాలి మీకు?"

"అయాజ్‌తో పది నిమిషాలు," అంది జీనత్.

"అయిదు. మధ్యాహ్నం వాణ్ణి గురజాల కోర్టులో హాజరుపరచాలి."

ఇద్దరూ ఒకే బ్యాచిలో ఎస్సైలు. ఆమె ఖాకీ విప్పేసి నరసరావుపేటలో ఒంటిగది డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఆయన సీఐ అయ్యాడు. తను వదిలేసిన కుర్చీలో ఆయన కూర్చున్నాడని ఆమెకు ఏనాడూ అనిపించలేదు గాని, ఆయనకు మాత్రం అనిపిస్తూనే ఉంటుంది.

స్టేషన్ వరండాలో అయాజ్ తల్లి ఖైరున్నీసా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నిన్న జీనత్ ఆఫీసుకు వచ్చి ఆమె అడిగింది ఒక్కటే. "కోర్టు మెట్లెక్కకముందే నా బిడ్డను ఆపమ్మా. ఒకసారి జైలు లోపలికి పోతే మా బోటోళ్ళ కేసు మళ్ళీ ఎవరు తెరుస్తారు?" నిజమే మరి. దొంగ దొరికాడని రాసుకున్న తర్వాత దొంగను వెతికే పోలీసును జీనత్ చూడలేదు.

అయాజ్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్ళ సెల్‌ఫోన్ మెకానిక్. భుజాల మీదుగా దుప్పటి కప్పుకుని, చేతులు రెండూ లోపలే దాచుకున్నాడు. ముందు టీ పెట్టినా ముట్టలేదు. బేడీలు ఉన్నాయేమో, అందరిలో సిగ్గుపడుతున్నాడేమో అనుకుంది జీనత్.

"సోమవారం బెంజిమిన్ నీ కొట్టుకొచ్చాడా?"

"రాలేదు ఆపా," అన్నాడు అక్కను పిలిచినట్టు. "బ్యాగొచ్చింది, మనిషి రాలా."

"బ్యాగు నడుచుకుంటా వచ్చిందా?" గుమ్మంలోంచి సీఐ.

"కండక్టర్ యోబన్న తెచ్చిచ్చాడు సార్. రోజూ ఇచ్చేదే." అయాజ్ జీనత్ వైపు తిరిగాడు. "పంటల బీమా సర్వే వాళ్ళకి పాపన్నగూడెం పక్క పని పడిందాపా. ఆడ సిగ్నలుండదు. రిపోర్టేమో అయిదులోపు పోవాల. పొలాలు వదిలేసి రాలేరు గదా. అందుకని పంపే మీట నొక్కేసి, మూతేసి, బ్యాగు బస్సుకి తగిలిస్తారు. కొత్త లాప్‌టాపులు గదా, సిమ్ము బోర్డు మీదే ఉంటది. మూత మూసినా అవి నిద్రపోవు, కళ్ళు మూసుకుంటయ్యంతే. బస్సు రాళ్ళమిట్ట దాటగానే సిగ్నల్ తగులుద్ది. రిపోర్టు దానంతటదే ఎళ్ళిపోద్ది. యోబన్న బ్యాగు నాకిచ్చి పోతాడు. రాత్రి బండికి బెంజిమినన్న దిగి తీసుకుంటాడు."

సీఐ పగలబడి నవ్వాడు. "విన్నారా? లాప్‌టాప్ బస్సెక్కి ఊరొచ్చిందంట! మీ వాడు కథలు బాగా చెప్తాడు. ఆ యోబునే పిలిచి అడిగాను. బెంజిమిన్ నా బస్సులోనే వచ్చాడు, కారంపూడి బస్టాండులో దిగాడు అని వాంగ్మూలం ఇచ్చాడు. కండక్టరుకి అబద్ధం చెప్పాల్సిన పనేంది?"

అయాజ్ తల దించుకున్నాడు. అదే వాణ్ణి ముంచింది. లాప్‌టాప్ కాదు, యోబు మాట.

"ముందు రోజు మీరిద్దరూ కొట్లో అరుచుకున్నారంటగా?" జీనత్ అడిగింది.

"మైకు గురించాపా. చొక్కా కాలరుకు పెట్టుకునేది, నల్లగా బొత్తామంత ఉంటది. నా దగ్గరే కొన్నాడు. గాలికి గరగరమంటందని కేకలేశాడు. 'నీ కొట్లో సరుకంతా ఇంతేనా రా' అన్నాడు. నేనూ తగ్గలా. తర్వాత మంచిది మార్చిచ్చా. నవ్వుకుంటా పోయాడు. ఆ నవ్వు ఎవురూ చెప్పలా, అరుపులే చెప్పారు."

"సర్వే చేసేవాడికి కాలరు మైకెందుకు?"

"మిరప సాళ్ళలో తిరుగుతా మాట్లాడతాడాపా. లాప్‌టాప్ ఒకచోట పెట్టి ఉంటది. అది విని రాసుకుంటది, గొంతు కూడా దాచుకుంటది. దానికి నెట్టక్కర్లా, బుర్ర దాన్లోనే ఉంది."

జీనత్ లేచింది. "స్వాధీనం చేసుకున్న సామాను చూపించండి కేశవరావు గారూ."

"చూపిస్తే?"

"చూస్తాను."

ఆయన విసుక్కుంటూనే పెట్టె తెప్పించాడు. లాప్‌టాప్ బ్యాగు, పల్చటి నల్ల లాప్‌టాప్. అయాజ్ కొట్లో దొరికిన సన్న స్క్రూడ్రైవర్ల సంచి. దాని చీటీ మీద 'ఆయుధం కావచ్చు' అని రాసి ఉంది. శవం ఒంటి మీది వస్తువుల కవరులో చేతి గడియారం, తాళాలు, ఇంకా ఒక నల్ల బొత్తాం. పోలీసులు దాన్ని 'ప్లాస్టిక్ ముక్క' అని రాసుకున్నారు.

మైకు.

జీనత్ పెట్టె మీదికి వంగింది. లాప్‌టాప్ అంచున ఒక తెల్ల చుక్క మెల్లగా వెలిగి ఆరుతోంది. "దీన్ని ఆపలేదా?"

"ముట్టుకోవద్దన్నారు మా టెక్నికల్ వాళ్ళు. మొహం చూపిస్తేనే తెరుచుకుంటదంట. మొహం మార్చురీలో ఉంది, ఏం చెయ్యను?"

ఆమె బ్యాగు తిరగేసింది. అడుగున గుడ్డలో ముదురాకుపచ్చ పీచు చిక్కుకుని ఉంది. వాసన చూసింది. డీజిల్. తర్వాత, కంపెనీ ఇచ్చిన రిపోర్టు నకలు తీసి మధ్యలో ఒక వరస మీద వేలు పెట్టింది. పాపన్నగూడెం, కాలవగట్టు పొలం. పూత నిలిచి కాయ పట్టకపోవడానికి కారణం: రైతు నిర్లక్ష్యం.

"దీని మీద నాకు పేచీ ఉంది," అంది. "బీమా వాళ్ళ కోసం ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. సర్వేయరు కాయలు లెక్కపెడతాడు, పురుగును రాస్తాడు, తెగులును రాస్తాడు. ఇట్టా రెండు ముక్కల్లో రైతును తిట్టి ఊరుకోడు. ఇది ఆఫీసులో కూర్చునేవాడి భాష."

"భాష మీద కోర్టులో బెయిలివ్వరు మేడం."

"మీరు కోర్టుకి బయల్దేరేలోపు వస్తాను."

స్టేషన్ గేటు దగ్గరే నిలబడి ఆమె బెంజిమిన్ పై అధికారికి ఫోన్ చేసింది. దేవానందం, బీమా కంపెనీ ఏరియా మేనేజరు. శవాన్ని గుర్తుపట్టింది ఆయనే. సోమవారం సాయంత్రం నాలుగున్నర నుంచి నరసరావుపేట ఆఫీసులో నలభై మంది ముందు మీటింగు నడిపాడు.

"చెప్పండి మేడం. ఆ కుర్రాడు నాకు కొడుకులాంటివాడు," అన్నాడు తడిగొంతుతో.

"ఒక్క చిన్న సంగతి సార్. మీవాళ్ళు కాలరు మైకులో మాట్లాడుతూ లాప్‌టాప్‌లో నోట్సు చెప్పుకుంటారా?"

అవతల ఒక లారీ హారను మాత్రం వినిపించింది.

"మైకా? కంపెనీ అట్లాంటివి ఇవ్వదే."

"సొంతానికి కొనుక్కున్నాడు లెండి."

"అలాగా." గొంతులో తడి ఆరిపోయింది. "కనుక్కుని చెప్తా మేడం."

ఫోన్ పెట్టేశాక ఆమె రెండడుగులు వేసి ఆగింది. ఎందుకో ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది అనిపించింది. అప్పటికే అడిగేసింది.

*

యోబు బస్సు బస్టాండులో కదలడానికి సిద్ధంగా ఉంది. జీనత్ ముందు డోరులోంచి ఎక్కి, ఎవరినీ పలకరించకుండా డ్రైవరు పక్కన ఇంజను బానెట్ దగ్గర వంగింది. బానెట్ మీద పరిచిన పాత కార్పెట్ ముక్క ముదురాకుపచ్చది. వేడికి ఒక మూల కరిగి, పీచు లేచి ఉంది. రెండు పోగులు గిల్లి కాగితంలో మడిచింది.

"ఏందమ్మా అది? సీట్లు ఎనక ఉన్నయ్," అన్నాడు యోబు. యాభై దాటిన మనిషి, మెడలో సన్నటి సిలువ.

"దిగు యోబన్నా. రెండు మాటలు."

"బండి టైమైంది."

"అయాజ్‌కి కూడా టైమైంది."

ఆ పేరు వినగానే యోబు చేతిలోని టికెట్ మిషను చంకలోకి పోయింది. దిగాడు. టైరు పక్కన నిలబడ్డాడు.

"బెంజిమిన్ సోమవారం ఏ సీట్లో కూర్చున్నాడు?"

"మధ్యలో... కిటికీ పక్కన."

"టికెట్ కొట్టావా?"

"కొట్టా."

"అయితే నీ మిషన్లో ఉంటది. కాలవగట్టు స్టాపు నుంచి కారంపూడికి ఆ ట్రిప్పులో ఎన్ని టికెట్లు తెగినయ్యో డిపోలో అడగమంటావా?"

యోబు చంకలోని మిషను వైపు చూసుకున్నాడు.

"బ్యాగు అడుగున మీ బానెట్ కార్పెట్ పీచు ఉంది. మనిషి కిటికీ పక్కన కూర్చుంటే బ్యాగు ఇంజను మీద ఎందుకుంది?"

"అమ్మా." గొంతు తగ్గించాడు. "టికెట్ లేని సామాను ఎక్కించానని పోయినేడు నన్ను సస్పెండు చేసి కూర్చోబెట్టారు. ఈసారి దొరికితే ఇంటికే. ఆ సీఐ నన్ను పిలిచి, 'బెంజిమిన్ నీ బస్సులోనే వచ్చాడుగా?' అన్నాడు. నేను బ్యాగు మాట చెప్తే నా ఉజ్జోగం పోద్ది. ఔనన్నా. ఔనంటే ఏం పోయిందిలే, ఆ పిల్లోడు యాడన్నా ఉంటాడులే అనుకున్నా. అప్పటికి శవం సంగతి నాకు చెప్పలా."

"చెప్పాక?"

యోబు బొటనవేలితో టికెట్ మిషను గీకుతూ నిలబడ్డాడు.

"ఖైరున్నీసా రెండ్రోజులుగా స్టేషన్ వరండాలో ఉంది. నువ్వు రోజూ ఆ స్టేషన్ ముందు నుంచే పోతావు."

"చూస్తన్నానమ్మా. తల పక్కకి తిప్పుకుని పోతన్నా." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆదివారం గుళ్ళో అందరికంటే ముందు మోకాళ్ళేసేది నేనే. అయినా తిప్పుకుని పోతన్నా."

"బ్యాగు నీ చేతికిచ్చింది ఎవరు?"

"ఎవురూ ఇయ్యలా. పొలాల్లో ఉంటే స్టాపు బోర్డుకి తగిలించి పోతారు. నేను ఆపి తీసుకుంటా. సోమారం గూడా తగిలించే ఉంది. కానీ ఒకటి తేడా పడిందమ్మా. బెంజిమిన్ ఎప్పుడూ తిరుగు ట్రిప్పుకే తగిలిస్తాడు. బస్సు గూడెం దాకా పోయి, ఆడ గంటసేపు ఆగి, మళ్ళా వచ్చేటప్పుడు. ఆ గంటా పని చేసుకోవచ్చని. సోమారం మాత్రం పోయేటప్పుడే ఉంది. మూడింటికి. ఇయ్యాల తొందరగా అయిందేమోలే అనుకుని తీసుకున్నా. బస్సు గూడెంలో ఆగినంతసేపూ అది బానెట్ మీదే ఉంది."

జీనత్ మనసులో లెక్క వేసుకుంది. మూడింటికి మూత పడింది. రాళ్ళమిట్ట దాటింది అయిదుకు కాస్త ముందు. మధ్యలో రిపోర్టు సంచిలో కూర్చుని ప్రయాణం చేసింది. ఆ బ్యాగు తగిలించినవాడికి తిరుగు ట్రిప్పు దాకా ఆగే తీరిక లేదు. నాలుగున్నరకు వాడు ఇంకెక్కడో పదిమందికి కనపడాలి.

"పదన్నా. ఇదంతా సీఐ గారికి చెప్పు."

"నా ఉజ్జోగం..."

"నేను చెయ్యగలిగింది చేస్తాను. పోదని మాత్రం చెప్పలేను."

యోబు మిషను డ్రైవరు చేతిలో పెట్టి, ఆమె వెనక నడిచాడు.

*

చెన్నకేశవరావు యోబును తిట్టాడు. బల్ల గుద్దాడు. చివరికి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆయన మూర్ఖుడు కాడు. తొందరపాటు మనిషి, అంతే. ఎస్పీ ఆఫీసుకు 'కేసు ఛేదించాం' అని నిన్ననే చెప్పేశాడు.

"బ్యాగు బస్సులో వచ్చినంత మాత్రాన అయాజ్ చంపలేదని ఏముంది?"

"అయాజ్ సోమవారమంతా కొట్లోనే ఉన్నాడని మీ సాక్షులే చెప్పారు. బెంజిమిన్ కారంపూడి రానే లేదు. కాలవ పైనుంచి కిందికి పారుతుంది కేశవరావు గారూ. శవమూ అట్టాగే వచ్చింది. ఆ పొలం చూశారా మీరు?"

చూడలేదు. ఊళ్ళో చచ్చాడని తేల్చుకున్నాక ఊరు దాటి ఎవరూ పోలేదు.

"కోర్టుకి పోయే దారి తప్పించి ఒక్క గంట," అన్నాడాయన చివరికి. "అక్కడేం లేకపోతే, నా కేసులో వేలు పెట్టనని మీరు రాసిస్తారు."

"రాసిస్తాను."

జీపులో ముందు సీఐ, డ్రైవరు. వెనక ఒక కానిస్టేబులు, దుప్పట్లో అయాజ్, కోర్టుకి చూపించాల్సిన సామాను పెట్టె, ఎదురుగా జీనత్. రాళ్ళమిట్ట ఎక్కుతుంటే ఆమె ఫోన్ ఒకసారి టింగుమని మోగింది. మిట్ట దిగగానే సిగ్నల్ గీతలన్నీ పోయాయి. ఆ సమయంలో ఆమె లాప్‌టాప్ అంచున తెల్ల చుక్కనే చూస్తోంది. అది ఇప్పుడు ఎర్రగా మారింది.

పొలం కాలవను ఆనుకునే ఉంది. ఏపుగా పెరిగిన మిరప, ఒక్క చెట్టుకీ సరైన కాయ లేదు. గట్టు మీద రేకుల మోటారు షెడ్డు. అందులో నులక మంచం. గోడకు స్టార్టరు పెట్టె. దాని పక్కన మేకు. మేకు కింద మసిగోడ మీద పొడుగాటి పానా ఆకారం తెల్లగా కనిపిస్తోంది. ఏళ్ళ తరబడి అక్కడ వేలాడిన వస్తువు ఇప్పుడు లేదు.

"తలకి దెబ్బ ఉందన్నారుగా?" అంది జీనత్.

"కాలవ తూము గోడకి కొట్టుకుని ఉంటదన్నాడు డాక్టరు," అన్నాడు సీఐ. కానీ ఆ తెల్ల ఆకారం మీంచి చూపు తిప్పుకోలేదు.

ఆమె మంచం కింద వంగి చూసింది. నులక మీద ఏమీ లేదు. మంచం కోడు పక్కన నేల మాత్రం కొత్తగా అలికినట్టు నున్నగా ఉంది. షెడ్డు బయట నల్లరేగడిలో రెండు చారలు కాలవ వైపు పోయి, గట్టు అంచున ఆగిపోయాయి. మడమలు ఈడ్చిన చారలు. మూడు రోజుల ఎండకు గట్టిపడి అచ్చులా మిగిలాయి.

చెన్నకేశవరావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవురయ్యా మీరు? ఆ పిల్లోడి కోసమేనా?" మిరప సాళ్ళలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. నెత్తిన తుండు, చేతిలో కొడవలి. ఆ పొలం కౌలుకు చేసే ఆదెమ్మ. "రెండ్రోజుల్నించి చూస్తన్నా ఎవరన్నా వస్తారని. కారంపూళ్ళో చంపారంటగా? నిజమేనా?"

"బెంజిమిన్ సోమవారం ఇక్కడే పనిచేశాడా అమ్మా?"

"ఈడే. ఆ మంచం మీదే మిషను పెట్టేవాడు. దాని ముందు ఎవురో ఒకరు కూర్చోవాల, లేకపోతే అది కళ్ళు మూసుకుంటది. మళ్ళా ఈయన మొహం చూపిస్తేగాని లేవదు. అందుకని నన్ను కూర్చోబెట్టి, తనేమో సాళ్ళలో తిరుగుతా తనలో తనే మాట్లాడేవాడు. కాయెంత, పూతెంత అని. 'ఆదెమ్మమ్మా, నువ్వు నా వాచ్‌మన్' అనేవాడు. నాకు చానా నవ్వొచ్చేది. సదువురాని దాన్ని, ఏదో సదివినట్టు దాన్నే చూస్తా కూర్చునేదాన్ని."

"మనిషి ఎవరైనా దానికి ఒకటేనా?" సీఐ అడిగాడు.

"దానికేం తెలుసయ్యా, మనిషుంటే చాలు."

జీనత్ ఒక అడుగు ముందుకు వేసింది. "పంట గురించి ఏమన్నాడు?"

"ఇత్తనమే కల్తీ అన్నాడు. 'నీ తప్పేం లేదమ్మా, ఈ ఇత్తనం అమ్మినోళ్ళూ, దాన్ని మంచిదని రాయించినోళ్ళూ అందరూ లోపలికి పోతారు, పేర్లతో సహా చెప్తన్నా' అన్నాడు."

కంపెనీకి వెళ్ళిన రిపోర్టులో ఉన్నది రైతు నిర్లక్ష్యం.

"సోమవారం కూడా నువ్వే కూర్చున్నావా?"

"మధ్యానం దాకా. అప్పుడే వాళ్ళ పెద్దసారు కారేసుకొచ్చాడు. 'నువ్వు పోయి అన్నం తినిరా, నేను కూర్చుంటాగా' అన్నాడు. బెంజిమిన్ అప్పుడు ఆ చివర సాళ్ళలో ఉన్నాడు. నేనొచ్చేసరికి మంచం ఖాళీ. నేల కడిగి ఉంది. పనైపోయి ఎళ్ళిపోయారు, పెద్దసారుకి శుభ్రం ఎక్కువేమోలే అనుకున్నా."

"పెద్దసారంటే ఎవరు?" సీఐ అడిగాడు.

"దేవానందం సారు."

మంగళవారం పొద్దున స్టేషన్‌లో చెన్నకేశవరావు బల్ల ముందే కూర్చుని, చేతిరుమాలుతో కళ్ళొత్తుకున్న మనిషి. ఈయనే టీ తెప్పించి తాగించాడు.

జీనత్ గబగబా చెప్పింది. "మిషను తెరిచే ఉంది. కూర్చున్నవాడు రిపోర్టు మార్చాడు. బెంజిమిన్ తిరిగొచ్చి పట్టుకున్నాడు. పానా చేతికందింది. పంపే మీట నొక్కి, మూత మూసి, తన కింద కుర్రాళ్ళు రోజూ చేసే పనే చేశాడు, బ్యాగు బోర్డుకి తగిలించాడు. చచ్చినవాడి రిపోర్టు సాయంత్రం దాకా బతికి ఉంటుందని తెలుసు. తెలియంది ఒక్కటే. బెంజిమిన్ కాలరుకు మైకు ఉంది. మూత పడేదాకా ఆ లాప్‌టాప్ వింటూనే ఉంది."

"అంటే అందులో..."

"ఇద్దరి గొంతులూ ఉన్నాయి. దేవానందం గారికి తెలియని ఆ సంగతి పొద్దున నేనే చెప్పాను." అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, మిట్ట మీద మోగిన ఫోన్. తీసి చూసింది. దేవానందం నుంచి మెసేజి.

'మేడం, ఆ లాప్‌టాప్‌లో రైతుల వివరాలున్నాయి కాబట్టి దూరం నుంచే తుడిచేయమని హెడ్డాఫీసుకి రాశాను. మధ్యాహ్నం లోపు అయిపోతుంది. లాంఛనమే.'

చెన్నకేశవరావు మెసేజి చదివి వాచీ చూసుకున్నాడు. మధ్యాహ్నం దాటింది. "తుడిచేశారా?"

"ఇంకా లేదు. ఇక్కడ సిగ్నల్ లేదుగా." జీనత్ మిట్ట వైపు చూసింది. "రిపోర్టు లోపల కూర్చుని సిగ్నల్ కోసం ఎట్టా కాచుకుందో, ఆ ఆర్డరు ఇప్పుడు బయట కూర్చుని ఈ లాప్‌టాప్ కోసం అట్టా కాచుకుంది. మిట్ట దాటామా, అయిపోయినట్టే."

"అయితే ఇక్కడే ఆపేద్దాం. మీట నొక్కి పడుకోబెడితే సరి."

"ఆపొద్దు సార్!" జీపులోంచి అయాజ్ అరిచాడు. పొద్దుట్నుంచి వాడు గొంతెత్తడం అదే మొదటిసారి. "మాట్లాడింది ఇంకా సేవ్ అయి ఉండదు. మజ్జలో మూతేశారు గదా, పైపైనే ఉంటది. ఆపితే ఎగిరిపోద్ది. ఎర్రలైటొచ్చిందంటే బ్యాటరీ గూడా అయిపోవచ్చింది. దానికి ఫోన్ చార్జర్ చాలు, కానీ ఈడ కరెంటేది?"

జీపు పాతది, చార్జరు పెట్టే చోటే లేదు. ఆదెమ్మ స్టార్టరు వైపు చూసి తలూపింది. పొలాల కరెంటు పొద్దున్నే వచ్చి పోయింది. మళ్ళీ రాత్రికే.

ఇక్కడుంటే అది చస్తుంది. బయటికి పోతే చంపేస్తారు.

"సిమ్ము పీకెయ్," అన్నాడు సీఐ.

"బోర్డుకే అతికి ఉంటది సార్. కింద మూత ఊడదీసి, యాంటెన్నా తీగలు రెండూ లేపాల. అప్పుడు మిట్ట దాటినా సిగ్నలు తగలదు. చీమ తలంత ఉంటయ్. పక్కన బ్యాటరీ తీగకు చెయ్యి తగిలితే ఆరిపోద్ది."

"నువ్వు తియ్యగలవా?"

"రోజూ తీస్తా."

"సార్!" గట్టు మీంచి కానిస్టేబులు కేక. "రోడ్డు మీద దుమ్ము లేస్తంది. తెల్లకారు. దాని ఎనక ఇంకో రెండు జీపులు."

ఆదెమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "కారు ఆ సారుదే. జీపులు ఇత్తనాల కొట్టోళ్ళయి."

తుడిచే ఆర్డరు ఇంకా అందలేదంటే లాప్‌టాప్ మిట్ట ఇవతలే ఉందని ఆయనకు తెలిసిపోయినట్టుంది. వచ్చే దారి అదొక్కటే. వెనక కాలవ. సీఐ నడుముకున్న పిస్టల్ తడుముకుని, జీపు వెనక తలుపు ఒక్క లాగుతో తెరిచాడు. పెట్టెలోంచి లాప్‌టాపూ, 'ఆయుధం కావచ్చు' అని తనే చీటీ అంటించిన స్క్రూడ్రైవర్ల సంచీ తీసి అయాజ్ ముందు పెట్టాడు. "చేతులియ్యి. బేడీలు తీస్తా."

"బేడీలు లేవు సార్."

అయాజ్ దుప్పట్లోంచి చేతులు బయట పెట్టాడు. వేళ్ళు పదీ ఉబ్బి, కమిలి, ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉన్నాయి. రెండు గోళ్ళు లేవు. స్క్రూడ్రైవరు కాదు, గ్లాసు కూడా పట్టలేని చేతులు. బల్ల మీద టీ ఎందుకు చల్లారిందో జీనత్‌కు అప్పుడు అర్థమైంది.

"ఈ చేతుల్తోనా సార్?"

చెన్నకేశవరావు ఆ వేళ్ళను చూశాడు. ఎవరివైపూ తల తిప్పలేదు. అనాల్సినవన్నీ ఆ చేతులే అంటున్నాయి.

ఎర్ర చుక్క ఇంకా నెమ్మదించింది. కాలవగట్టు మలుపులో ఇంజన్ల మోత దగ్గరవుతోంది.

"నా పిస్టల్ పట్టుకోండి మేడం. వాడటం మర్చిపోలేదుగా?" సీఐ బెల్టు విప్పి జీనత్ చేతిలో పెట్టాడు. ఆమె రోడ్డుకు అడ్డంగా పోయి నిలబడింది.

వెనక, నులక మంచం ముందు, ఆయన మోకాళ్ళ మీద కూలబడి లాప్‌టాప్ బోర్లించాడు. సంచిలోంచి అన్నిటికంటే సన్న స్క్రూడ్రైవరు తీశాడు. అయాజ్ ఆయన భుజం పక్కగా వంగాడు.

"చెప్పరా," అన్నాడు చెన్నకేశవరావు. "ముందు ఏ స్క్రూ?"